గాలిలో మిగిలే రంగు

స్ప్రే గన్‌తో తలుపుకు రంగు కొట్టినప్పుడు గన్నులో పోసిన రంగంతా తలుపుకు అంటదు. మామూలు కంప్రెసర్ గన్ అయితే అంటేది దాదాపు మూడోవంతే. ఒత్తిడి తగ్గించి గాలి ఎక్కువ ఇచ్చే కొత్తరకం గన్నులు వచ్చాక, పోసిన రంగులో కనీసం 65 శాతం వస్తువు మీద నిలవాలని దక్షిణ కాలిఫోర్నియాలో నియమం పెట్టారు. అంటే ఎంత మంచి గన్నయినా, ఎంత చెయ్యి తిరిగిన మనిషయినా, కొంత రంగు గాలిలో కలవక తప్పదు. కుంచెతో పనిచేసేటప్పుడు ఈ బాధ లేదు. ముంచిన రంగు చెక్క మీద ఉంటుంది, లేదంటే నేల మీద చుక్కలుగా కనబడుతుంది. గాలిలో కలిసిన రంగు కంటికి కనబడదు. ఇంట్లో వాడుకోవడానికి స్ప్రే గన్ కొందామనుకుంటున్నవాళ్లు నన్ను సలహా అడిగితే, ఏ కంపెనీది, ఎంత ధర అనే మాటల కంటే ముందు ఆ కనబడని రంగు గురించే చెప్తాను.

మా మోర్తాడ్ వైపు ఈ గన్నులు ఇప్పుడు ఇళ్లలోకి వస్తున్నాయి. ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు మాది. లారీలు లేపే దుమ్ము, వానలు, మే నెల ఎండ కలిసి ఇనుప గేట్ల మీది రంగును ఎక్కువ కాలం నిలవనివ్వవు. గేటు, కిటికీ చువ్వలు, కూలరు డబ్బా, అమ్మమ్మ నాటి బీరువా, పట్టెమంచం, చెక్కడపు పని ఉన్న టేకు దర్వాజ. ఇవన్నీ కుంచెకు లొంగని వస్తువులు. చువ్వల సందుల్లోకి కుంచె పోదు, చెక్కిన పువ్వు రేకుల మూలల్లో రంగు గుంటలు కడుతుంది. వీటికి గన్ బాగా పనికొస్తుంది. కొత్తగా రంగేసిన బీరువా మీద గీత లేకుండా, చార లేకుండా రంగు పరుచుకుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ ముచ్చట నాకూ ఉంది కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దర్వాజ కింది కడపను మాత్రం గన్నుకు ఇవ్వకూడదు. మా దిక్కు కడపకు పసుపు రాసే చోట ఇప్పుడు చాలా ఇళ్లలో పసుపుపచ్చ ఎనామిల్ వేసి, దాని మీద తెల్లని ముగ్గు, ఎర్రని బొట్లు పెడుతున్నారు. అది కూర్చుని, మాట్లాడుకుంటూ, సన్న కుంచెతో చేసుకునే పని. కుంచె పని జరిగేచోట నలుగురు చేరుతారు. ఒకరు డబ్బా పట్టుకుంటారు, ఒకరు ఇక్కడ తప్పిపోయిందని చూపిస్తారు, పిల్లలు తామూ ఒక గీత గీస్తామంటారు. గన్ పట్టుకున్నవాడు అందరినీ అవతలికి పొమ్మనాలి. పొమ్మనకపోతే తప్పు చేసినట్టే.

ఈ పనిముట్టు పుట్టిన తీరు తెలుసుకున్నప్పటి నుంచి నాకు దాని మీద మరింత ఆలోచన కలిగింది. అమెరికాలో టొలీడో నగరంలో అలెన్ డివిల్‌బిస్ అనే డాక్టరు ఉండేవాడు. గొంతు నొప్పితో వచ్చినవాళ్లకు మందును సన్నటి తుంపర చేసి లోపలికి కొట్టేందుకు 1880ల చివరలో ఒక చిన్న సాధనం చేశాడు. రబ్బరు బుడ్డి నొక్కితే గాలి దూసుకుపోతూ మందును పైకి లాగి, చిన్న చిన్న బిందువులుగా చీలుస్తుంది. ఆయన కొడుకు థామస్ 1907లో అదే కిటుకుతో రంగు కొట్టే గన్ తయారుచేశాడు. తండ్రి మందు సాధనం చేసిన కాలంలోనే చికాగోలో జోసెఫ్ బింక్స్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో మరమ్మతుల పని చూసుకునేవాడు. నేలమాళిగ గోడలకు సున్నం కొట్టించడానికి 1887లో చేతిపంపుతో నడిచే యంత్రం కట్టాడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు కట్టిన తెల్లటి భవనాలకు రంగు పడింది ఇలాంటి యంత్రాలతోనే. ఆ ప్రదర్శనతో పాటు ఏర్పాటైన సర్వమత మహాసభలోనే వివేకానందుడు మాట్లాడాడు. ఆ తర్వాత 1920లలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే త్వరగా ఆరే రంగును తెచ్చింది. వారాలు పట్టే కారు రంగు గంటల మీదికి వచ్చింది. ఆ డ్యూకో రంగులే గోదావరి దాటితే వచ్చే నిర్మల్‌లో పొనికి చెక్క బొమ్మల మీద, పటాల మీద మెరుస్తున్నాయి. చికాగో, నిర్మల్ సంగతులు గర్వంగా చెప్పుకోదగ్గవే. నా మనసు మాత్రం ఆ గొంతు డాక్టరు దగ్గరే ఆగుతుంది. బిందువు ఎంత సన్నగా ఉంటే అంత లోపలికి పోతుందని ఆయనకు తెలుసు. మందు లోపలికి పోవాలనే ఆయన ఆ సాధనం చేశాడు. అదే సన్నదనంతో ఇప్పుడు మనం రంగును చీలుస్తున్నాం. అది గొంతులోకి పోకుండా చూసుకునే బాధ్యత మనమీదే ఉంది.

ఇక గన్ ఎంచుకోవడం. ఇంటివాళ్లకు రెండు దారులున్నాయి. ఒకటి, గాలి తానే ఊదుకునే చిన్న కరెంటు గన్. ప్లగ్గు పెడితే చాలు, ఒత్తిడి తక్కువ, బిందువులు కాస్త లావు, గేటుకూ గ్రిల్లుకూ సరిపోతుంది. రెండోది, కంప్రెసరుతో నడిచే గన్. బీరువా, దర్వాజ నున్నగా రావాలంటే ఇదే. అయితే 2 హెచ్‌పీ మోటారుకు మామూలు ఫ్యాన్ ప్లగ్గు పనికిరాదు, 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. టాంకీ చిన్నదైతే తలుపు సగం కొట్టేసరికి గాలి పడిపోతుంది, అక్కడ రంగు గరుకుగా చిమ్ముతుంది. కొనేముందు గన్ నిమిషానికి ఎంత గాలి తాగుతుందో, కంప్రెసరు ఎంత ఇస్తుందో రెండూ సరిచూడాలి. టాంకీలో గాలి చల్లబడి నీరు చేరుతుంది కాబట్టి మధ్యలో నీళ్లను వేరుచేసే ఫిల్టరు తప్పనిసరి. ఒక్క నీటిచుక్క గాలితో పాటు వచ్చిందంటే తడి రంగు మీద కన్నులాంటి గుంట పడుతుంది. మూడో రకం, గాలి లేకుండా రంగునే వంద బార్లకు పైగా ఒత్తిడితో తోసే ఎయిర్‌లెస్ యంత్రం. పెద్ద భవనాల గోడలకు వాడేది. దాన్ని అద్దెకు తెచ్చి ఇంట్లో వాడొద్దు. దాని మూతి ముందు వేలు పెడితే రంగు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనబడుతుంది, లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి పోవాలి.

అసలు పని రంగు కొట్టకముందే అయిపోతుంది. కొత్తగా గన్ తెచ్చుకున్నవాళ్లకు నచ్చని మాట ఇది. పాత రంగును గరుకు కాగితంతో రుద్దాలి, గుంటలకు లప్పం పెట్టాలి, మళ్లీ రుద్దాలి, తుడవాలి, ప్రైమర్ వేయాలి, అది ఆరాక ఇంకా సన్న కాగితంతో రుద్దాలి. ఇనుముకు తుప్పు పూర్తిగా పోవాలి. కుంచె మందంగా పూసి లోపాలను కప్పుతుంది. గన్ పరిచే పొర పల్చన, కింద ఉన్న ప్రతి గీతనూ బయటపెడుతుంది. పాత తలుపుల విషయంలో ఇంకో సంగతి ఉంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని మన దేశంలో 2016లో నియమాలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో ఎంత సీసం ఉందో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. అందుకని పాత రంగును పొడిగా రుద్దొద్దు. నీళ్లు చల్లుకుంటూ రుద్ది, ఆ బురదను గుడ్డతో తీసి, పిల్లలు ఆడే చోటికి రాకుండా పారేయాలి.

రంగు కలపడం కూడా ఓపిక పనే. డబ్బాలో వచ్చిన ఎనామిల్ గన్నులో నడవదు. దానికి చెప్పిన థిన్నరుతోనే పల్చన చేయాలి. ఎనామిల్‌కు టర్పెంటైన్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులకు ఎన్‌సీ థిన్నరు. ఎంత పల్చన అన్నది కంటితో కాకుండా కొలిచి చూసుకోవాలి. 4వ నంబరు ఫోర్డు కప్పు అని అడుగున చిన్న రంధ్రం ఉన్న కప్పు దొరుకుతుంది. నింపి వదిలితే ధార తెగేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఇంటి ఎనామిల్‌కు 20 నుంచి 30 సెకన్ల మధ్య ఉంటే సాధారణంగా బాగా నడుస్తుంది. తర్వాత పల్చటి నైలాన్ గుడ్డలో వడకట్టాలి. మీగడ తరక ఒక్కటి మిగిలినా మూతి మూసుకుపోతుంది. గన్ మీద మూడు మరలుంటాయి. ఒకటి తుంపర వెడల్పుకు, ఒకటి రంగుకు, ఒకటి గాలికి. మొదట పాత అట్టముక్క మీద కొట్టి చూడాలి. రంగు నడుమ చిక్కగా, అంచుల్లో లేకుండా పడితే గాలి చాలలేదు. నడుమ ఖాళీగా ఉండి రెండు కొసలకు చీలితే గాలి ఎక్కువైంది. ఒక పక్కకే వంగితే మూతి పక్క రంధ్రంలో ఏదో అడ్డుపడింది. అట్టముక్క మీద కుదిరాకే తలుపు దగ్గరికి పోవాలి. గాలి ఎక్కువైన గన్ రంగును మరీ సన్నగా చీల్చి, తలుపును తాకి వెనక్కి ఎగిరేలా చేస్తుంది. తుంపర సరిచేసుకోవడం అందం కోసం ఎంత అవసరమో, గాలిలో కలిసే రంగు తగ్గించుకోవడానికి కూడా అంతే అవసరం.

నాకు చెయ్యి నేర్పింది మా మామ. మా మండలం, బాల్కొండ, ఆర్మూర్ వైపు ప్రతి పల్లె నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోయినవాళ్లున్నారు. మామ మస్కట్‌లో పెయింటరుగా చేసి వచ్చాడు. నేను గన్ పట్టి అటూ ఇటూ ఊపుతుంటే వెనక నిలబడి అన్నాడు: "చెయ్యి తిప్పకురా అల్లుడా, నువ్వు నడువు. గన్ను ఎంత దూరంల పట్టినవో గంత దూరంలనే పోవాలె. మణికట్టు తిరిగిందంటే అంచుల కాడ పల్చగైతది, నడుమల కారుతది." ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం, తలుపుకు లంబంగా, అంచు రాకముందే మీట నొక్కి, అంచు దాటాక వదలాలి. రెండో వరస మొదటి వరసలో సగం మీద పడాలి. ఒక్కసారే తడిసిపోయేలా కొట్టకుండా, పల్చటి పొరలు రెండు మూడు, నడుమ కాస్త ఆగుతూ. ఇదంతా చెప్పి మామ పక్కకు పోయి కూర్చున్నాడు. గన్ దగ్గర ఎక్కువసేపు ఉండలేడు. మెట్లెక్కితే ఆయాసం. గల్ఫ్‌లో కార్లకూ యంత్రాలకూ గట్టిపరిచే ద్రవం కలిపే రంగులు కొట్టేవాడు. మొదట్లో ముక్కుకు తువ్వాల కట్టుకునేవారట. అసలు మాస్కు చేతికి వచ్చేసరికి ఛాతీ పట్టేయడం మొదలైంది.

ఆ గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పిస్తాయి. ఒకసారి ఒళ్లు వాటికి పడకుండా అయిందంటే ఆ తర్వాత కొద్ది మోతాదు తగిలినా ఊపిరి బిగుస్తుంది. వాసనతో ముందుగా పసిగడదామంటే హాని జరిగే మోతాదులో వాసన తెలియదు. వర్క్‌షాపుల్లో ఈ పనికి బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే ముసుగు వాడాలి. ఇంట్లో ఆ ఏర్పాటు ఎవరికీ ఉండదు. కాబట్టి రెండు డబ్బాలు కలిపి వాడే పీయూ (పాలీయురెథేన్) రంగును ఇంట్లో గన్నుతో కొట్టకూడదన్నది నా నిశ్చితమైన మాట. మెరుపు తక్కువైనా సరే, ఎనామిల్ చాలు. ఎనామిల్ కూడా నిరపాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పెయింటర్ వృత్తిని 1989లోనే క్యాన్సరు కలిగించే వృత్తుల్లో చేర్చింది, 2007లో మళ్లీ పరిశీలించి అదే ఖాయం చేసింది. మనం ఏడాదికోసారి కొట్టుకునే గేటుకు అంత భయం అక్కర్లేదనుకోవచ్చు. కానీ మన ఇంటికి కూలికి వచ్చే పెయింటరు ఏడాదంతా అదే గాలి పీలుస్తాడు. అతనికి మాస్కు ఉందా అని అడిగే ఇంటివాళ్లను నేను అరుదుగా చూశాను. ఎంత తీసుకుంటావని అడిగినప్పుడే ఆ మాట కూడా అడగాలి. లేదంటే కొనివ్వాలి.

తువ్వాల, గుడ్డ మాస్కు, కరోనా నాటి నీలిరంగు మాస్కు, ఇవేవీ థిన్నరు ఆవిరిని ఆపవు. ఎన్95 బిందువులను ఆపుతుంది కానీ ఆవిరిని ఆపదు. బొగ్గు నింపిన కార్ట్రిడ్జులు రెండు వైపులా ఉండి, ముందు దుమ్ము ఫిల్టరు ఉన్న రబ్బరు మాస్కు కావాలి. అది ముఖానికి అతుక్కుని ఉండాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. ఈ మాట ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, మా దగ్గర రంగు పనికి బాగుండే నెలలూ అయ్యప్ప మాల వేసుకునే నెలలూ చాలావరకు ఒకటే. మాలలో ఉన్నవాళ్లు గడ్డం తీయరు కాబట్టి దీక్ష ముగిశాకే గన్ పట్టుకోవాలి.

ఆ నెలల సంగతికి వస్తే, వానాకాలంలో గాలిలో తేమ వల్ల ఎన్‌సీ రంగు తెల్లగా మసకబారుతుంది. మే నెలలో బిందువు తలుపు చేరేలోపే దారిలో ఆరిపోయి పొడిలా పడుతుంది. పైగా టర్పెంటైన్ ఆవిరి నిప్పంటుకునే వేడి 30 నుంచి 40 డిగ్రీల మధ్యే, మా ఎండ దాన్ని దాటుతుంది. ఎన్‌సీ థిన్నరుకు చలికాలమైనా నిప్పు భయం తప్పదు. పొయ్యి, దేవుని దగ్గర దీపం, బీడీ, కంప్రెసరు మోటారు నిప్పురవ్వ, ఏవీ దగ్గర ఉండకూడదు. మూసిన గదిలో కొట్టకూడదు. కార్తీకం నుంచి హోలీ వరకు, ఎండ ముదరని పొద్దున పూట, అన్నిటికంటే మంచిది. కానీ సంక్రాంతి దాటితే మా ఊళ్లో పసుపు తవ్వుతారు. ఉడకబెట్టి కల్లాల మీద, ఖాళీ జాగాల్లో ఆరబోస్తారు. గాలి అటు ఉన్నప్పుడు గేటుకు రంగు కొడితే ఎగిరిన రంగు పొడి ఎవరో తినబోయే పసుపు మీద పడుతుంది. నిజామాబాద్ మార్కెట్‌కు పోయే పసుపు అది. రైతు తొమ్మిది నెలల కష్టం. కల్లం పక్కన ఎవరూ స్ప్రే కొట్టొద్దని ఊళ్లో ఒక మాట అనుకోవడం అవసరం.

ఈ విషయం రైతులకు నేను చెప్పాల్సిన పని లేదు. వీపు మీద పంపు మోసి పసుపుకూ వరికీ మందు కొట్టే మనిషి ముందు గాలి ఎటు ఉందో చూసి మడి దిగుతాడు. కలుపుమందు పక్క మడి మీద పడితే ఏమవుతుందో తెలుసు. మూతి మార్చడం, అడ్డుపడితే విప్పి కడగడం, అన్నీ తెలుసు. స్ప్రే గన్ మా ఊరికి కొత్త కావచ్చు, స్ప్రే కొత్త కాదు. తెలిసీ పట్టించుకోనిది ఒక్క సొంత ఊపిరినే. పొలంలో తువ్వాలే, ఇంట్లో తువ్వాలే. పొలం పంపు తెచ్చి రంగు కొట్టడం, రంగు గన్నుతో మొక్కలకు మందు కొట్టడం మాత్రం ఎన్నటికీ చేయకూడదు.

పని అయ్యాక గన్ కడగడానికి బద్ధకించొద్దు. రంగు ఆరకముందే థిన్నరు పోసి శుభ్రంగా వచ్చేవరకు కొట్టాలి, మూతి విప్పి నానబెట్టాలి. రంధ్రాల్లో ఇనుప తీగ పెడితే అవి పెద్దవైపోయి తుంపర వంకర పోతుంది. సన్నటి వేప పుల్ల చాలు. కడిగిన థిన్నరును మోరీలో పోయొద్దు. సీసాలో మూతపెట్టి నిలవుంచితే రంగు అడుగుకు దిగుతుంది, పైన తేరిన థిన్నరు మళ్లీ కడగడానికి పనికొస్తుంది. రంగు తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలకు పడేయొద్దు, నూనె రంగు ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి తమంతట అవే అంటుకోగలవు. విప్పి ఆరేసి ఆ తర్వాత పారేయాలి.

గన్ కొనుక్కోండి, వద్దనడం లేదు. మీ దర్వాజకు మీ చేతితో నున్నటి రంగు పడటం చూసుకోదగ్గ సంతోషమే. ఆర్డరు పెట్టే రోజున కార్ట్రిడ్జుల మాస్కు కూడా అదే ఆర్డరులో పెట్టండి. కొట్టేముందు పక్కింటి వాళ్లకు చెప్పి ఆరేసిన బట్టలు తీయించండి, పిల్లలను అవతలి వాడకు పంపండి, గాలి ఎటు ఉందో చూడండి. మాస్కు ఇంకా రాలేదంటే ఆ రోజు కుంచెతోనే వేయండి.